ఎగువన పూడిక... శివారున ఎదురుచూపు

కృష్ణా జలాశయాల్లో మేట వేసిన మట్టి లెక్క - తీయగలిగింది ఎంత, తీయలేనిది ఎంత?

నగరం: కాల్వ చివరనున్న రైతుకే నీటి కొరత ముందుగా తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ కుడివైపు సీతానగరం వద్ద మొదలయ్యే కృష్ణా పశ్చిమ ప్రధాన కాల్వ దుగ్గిరాల ప్రాంతంలో పాయలుగా చీలి, తెనాలి మీదుగా సాగి, రేపల్లె, నగరం, నిజాంపట్నం, బాపట్ల ప్రాంతాల శివారు భూములను చేరేసరికి దాని ఉరవడి చాలా వరకు తగ్గిపోతుంది. దారిలో జరిగిన ప్రతి నష్టమూ ఇక్కడి పొలాల్లోనే లెక్క తేలుతుంది. వానలు కురవకపోవడం, ఎగువ రాష్ట్రాలు నీరు నిలుపుకోవడం, తూములకు షట్టర్లు లేకపోవడం వంటి కారణాలు అందరి నోటా వినిపించేవే. అంతగా చర్చకు రాని కారణం ఒకటుంది. అది జలాశయాల అడుగున ఏటేటా పేరుకుపోతున్న పూడిక.

పూడిక అనగానే వేసవిలో కాల్వ గట్టున పొక్లెయిన్ నిలబడి మట్టి ఎత్తిపోసే దృశ్యమే మనకు గుర్తుకు వస్తుంది. అది సమస్యలో అతి చిన్న భాగం. అసలు మట్టి శ్రీశైలంలో ఉంది, నాగార్జునసాగర్‌లో ఉంది. దానిని తవ్వి తీస్తామనే హామీ ఎంతవరకు సాధ్యమో, బ్యారేజీలోనూ కాల్వల్లోనూ ఉన్న పూడికను తీయకపోవడం ఎంతవరకు సమర్థనీయమో వేర్వేరుగా చూడవలసి ఉంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్లనే చేయదగిన పని వెనకబడుతోంది.

డెల్టా వాటా కంటే పెద్ద నష్టం

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నిర్మాణ సమయంలో ఆ మట్టం వద్ద నిల్వ సామర్థ్యం 308.06 టీఎంసీలుగా లెక్కించారు. తర్వాతి సర్వేల అనంతరం ఇప్పుడు అధికారిక లెక్కల్లో వాడుతున్న సామర్థ్యం 215.81 టీఎంసీలు. అంటే 92 టీఎంసీలకు పైగా చోటు మట్టి పాలైంది. నాగార్జునసాగర్‌లో 590 అడుగుల వద్ద తొలి సామర్థ్యం 408.24 టీఎంసీలు కాగా, ప్రస్తుతం 312.05 టీఎంసీలుగా చూపుతున్నారు. అక్కడి తగ్గుదల 96 టీఎంసీల పైచిలుకు.

రెండూ కలిపితే 188 టీఎంసీలు. ఈ అంకె పెద్దదని చెప్పడం కంటే దేనితో సమానమో చూడటం మేలు. బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకు కేటాయించిన నీరు 181.20 టీఎంసీలు. (ఆధునికీకరణతో ఆదా అవుతుందని లెక్కగట్టిన 29 టీఎంసీలను మినహాయించి తర్వాత దీనిని 152.20 టీఎంసీలుగా పరిగణిస్తున్నారు.) తూర్పు, పశ్చిమ డెల్టాల్లోని దాదాపు 13 లక్షల ఎకరాలకు ఏడాది పొడవునా సరిపోవలసిన వాటా కంటే, రెండు జలాశయాల్లో మట్టి ఆక్రమించిన చోటే ఎక్కువ. పులిచింతల వద్ద నిర్మించిన డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ సామర్థ్యం 45.77 టీఎంసీలు. ఒక్క శ్రీశైలంలో పోయిన చోటు అలాంటి జలాశయాలు రెండింటికి సమానం. ప్రకాశం బ్యారేజీలో నిలిచే 3.07 టీఎంసీలతో పోలిస్తే అది ముప్ఫై బ్యారేజీల పెట్టు.

ఇక్కడ ఒక సవరణ అవసరం. నిల్వచోటు పోవడం, అంత నీరు పోవడం ఒకటి కాదు. నదిలో ప్రవాహం వచ్చినంత వస్తూనే ఉంటుంది. వరద రోజుల్లో దానిని ఆపి ఉంచుకొనే శక్తి తగ్గుతుంది. అందువల్ల ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గేట్లు ఎత్తి నీరు సముద్రంలోకి వదిలిన సంవత్సరంలోనే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండో పంటకు నీరు లేదనే మాట వినవలసి వస్తుంది. వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేసే పద్ధతి గుంటూరు, బాపట్ల జిల్లాల డెల్టాలో స్థిరపడింది. మినుముకు నేలలోని తేమ చాలు గాని, మొక్కజొన్నకు తడులు కావాలి. ఆ తడులు రావలసింది ఎగువ నిల్వల నుంచే. ఖరీఫ్ నారుమడికి వచ్చిన ఇబ్బందిని 2015 నుంచి పట్టిసీమ ద్వారా వస్తున్న గోదావరి నీరు చాలా వరకు తీర్చింది. అయితే అది గోదావరికి వరద ఉన్న నెలల నీరు. రబీ మధ్యలో ఆ ఆసరా ఉండదు.

నిల్వ తగ్గిన జలాశయం వరదను మింగే శక్తినీ కోల్పోతుంది. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చి పడినప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఓలేరు వద్ద కుడి కరకట్టకు గండి పడి రేపల్లె ప్రాంత గ్రామాలు నీట మునిగిన సంగతి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. అంతటి వరదకు పూడికే కారణమనడం సరికాదు. అయితే పోయిన 188 టీఎంసీల చోటులో కొంతైనా ఖాళీగా ఉండి ఉంటే ఒకటి రెండు రోజుల వెసులుబాటు దక్కేదన్నది కాదనలేని విషయం.

మట్టి ఎక్కడ ఆగుతుంది?

పారే నీటికి మట్టిని మోసే బలం దాని వేగం నుంచి వస్తుంది. జలాశయం చేరగానే వేగం పడిపోతుంది. బరువైన గులకరాళ్లు, ముతక ఇసుక జలాశయం మొదట్లోనే దిగిపోతాయి. సన్నని ఒండ్రు, బంకమన్ను మరికొంత దూరం ప్రయాణించి ఆనకట్ట దాకా వచ్చి మెల్లగా అడుగుకు చేరుతుంది. పూడిక అంతా అడుగునున్న వాడుకకు రాని నిల్వ భాగంలో, అంటే డెడ్ స్టోరేజీలో పడుతుందని, దానికోసమే ఆ చోటు వదిలారని ఒక అభిప్రాయం చాలాకాలం ఉండేది. సర్వేలు ఆ అభిప్రాయాన్ని నిలవనివ్వలేదు. జలాశయం ఎగువ అంచున దిగిన ఇసుక, కాల్వలకు పనికివచ్చే పైపొర నిల్వనే ముందుగా తినేస్తుంది.

గేట్లు ఎత్తినప్పుడు ఆ మట్టి కొట్టుకుపోదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. శ్రీశైలం స్పిల్‌వే అంచు 830 అడుగుల వద్ద ఉంది. సాగర్‌లో అది 546 అడుగులు. గేట్ల గుండా దూకేది ఆ అంచుకు పైనున్న నీరే. శ్రీశైలంలో పైనున్న 55 అడుగులు, సాగర్‌లో పైనున్న 44 అడుగులు మాత్రమే కదులుతాయి. దాని కిందనున్న లోతైన గుండంలో దిగిన మట్టికి బయటకు దారి లేదు. ఎర్రటి వరద నీరు గేట్ల నుంచి దూకుతుంటే చూసి మట్టంతా పోతోందని అనుకుంటాం. పోయేది అందులో తేలుతున్న సన్నని భాగమే.

1967లో పూర్తయిన సాగర్, శ్రీశైలం జలాశయం నిండటం మొదలైన 1980ల వరకు ఒంటరిగా ఈ భారమంతా మోసింది. ఆ తర్వాత పై మట్టిని శ్రీశైలం అడ్డుకొంటోంది. ఇప్పుడు కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ కొంత, తుంగభద్ర కొంత శ్రీశైలానికి కాపు కాస్తున్నాయి. ఒక జలాశయం పూడిక మరొక జలాశయానికి ఆయుష్షు అన్నమాట.

సర్వే అంకెలు చదవడం ఎలా

పూడికను నేరుగా కొలవరు. పడవలో ధ్వని తరంగాలతో లోతు కొలిచే పరికరం, ఉపగ్రహ స్థాన నిర్దేశ పరికరం పెట్టుకొని గీతలు గీసినట్లు జలాశయమంతా తిరిగి అడుగు పటాన్ని తయారుచేస్తారు. దానిని ఆనకట్ట కట్టకముందు పటంతో పోల్చి తేడా తీస్తారు. మరొక పద్ధతిలో వేర్వేరు నీటిమట్టాల వద్ద నీరు ఎంత విస్తీర్ణంలో పరుచుకొందో ఉపగ్రహ చిత్రాల్లో చూసి లెక్కగడతారు. చిత్రాలతో చేసే లెక్క చవక, త్వరగా అవుతుంది. అయితే జలాశయం దిగిపోయినంత లోతు వరకే దాని చూపు ఆనుతుంది.

ఇందులోని చిక్కు తుంగభద్ర విషయంలో బయటపడింది. 1953లో 132 టీఎంసీలకు పైబడిన సామర్థ్యం 2008 సర్వేలో 100.855 టీఎంసీలకు పడిపోయింది. 2016లో మళ్లీ కొలిస్తే 105.788 టీఎంసీలు వచ్చింది. ఎనిమిదేళ్లలో మట్టి దానంతట అది వెళ్లిపోలేదు. పరికరం మారింది, పద్ధతి మారింది. పాత పటాల్లోనే తప్పులుంటే మొదటి అంకె కూడా సందేహాస్పదమే అవుతుంది. కాబట్టి ఫలానా జలాశయంలో ఇన్ని టీఎంసీలు పోయాయని చదివినప్పుడు ఏ సంవత్సరం సర్వే, ఏ పద్ధతి అని అడగడం అవసరం. నీటి వాటాలపై ఏళ్ల తరబడి వాదించుకొనే రాష్ట్రాలు ఈ కొలతపై అందులో పదో వంతు శ్రద్ధయినా చూపకపోవడం విచారకరం. మట్టికి సరిహద్దు లేదు. శ్రీశైలంలో, సాగర్‌లో పోయిన ప్రతి టీఎంసీ రెండు తెలుగు రాష్ట్రాలకూ పోయినట్లే.

తవ్వి తీయగలమా?

ఎన్నికల సభల్లోనూ, సమీక్షా సమావేశాల్లోనూ తరచు వినవచ్చే మాట ఇది. లెక్క వేసి చూద్దాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. శ్రీశైలంలోని 92 టీఎంసీల మట్టి 260 కోట్ల ఘనపు మీటర్లు దాటుతుంది. టిప్పరుకు పది ఘనపు మీటర్ల చొప్పున ఎత్తినా 26 కోట్ల ట్రిప్పులు కావాలి. వెయ్యి టిప్పర్లు ఆదివారం కూడా ఆగకుండా రోజుకు పదేసి ట్రిప్పులు తిరిగితే డెబ్బయి ఏళ్లు పడుతుంది.

ఆ డెబ్బయి ఏళ్లలో నది ఊరుకోదు. ఈ 92 టీఎంసీలు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి చూస్తే, సగటున ఏటా మూడు టీఎంసీలకు పైబడి మట్టి వచ్చి చేరింది. అది ఏడాదికి 85 లక్షల టిప్పర్ల మట్టి. మన వెయ్యి టిప్పర్లు ఏడాదిలో మోయగలిగింది 36 లక్షల ట్రిప్పులే. అంటే కొత్తగా వచ్చే మట్టిలో సగం కూడా ఎత్తలేం. పోయవలసిన చోటు చుట్టూ నల్లమల అడవి, పులుల అభయారణ్యం. పైగా జలాశయంలో నీరు నిలిచి ఉండగానే ఈ పని సాగాలి. డ్రెడ్జర్లు పెట్టినా ఈ లెక్క పెద్దగా మారదు. శ్రీశైలం, సాగర్ వంటి పెద్ద జలాశయాలను తవ్వి పూర్వస్థితికి తెస్తామనే మాటను ఇకనైనా పక్కన పెట్టడం మంచిది.

తెలుగు నేలపైనే దీనికి పాత పాఠం ఉంది. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ తొలి సామర్థ్యం 29.72 టీఎంసీలు. నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి అది 11.8 టీఎంసీలకు కుంగిపోయింది. అప్పుడు కూడా మట్టి తవ్వే ఆలోచన నిలవలేదు. పూర్తి నీటిమట్టాన్ని 1,400 అడుగుల నుంచి 1,405 అడుగులకు పెంచి 17.8 టీఎంసీల నిల్వ సాధించారు. అంటే మట్టిని అక్కడే వదిలి నీటిని పైకి లేపారు. అందుకు కొత్తగా భూములు ముంచవలసి వచ్చింది. శ్రీశైలానికి ఆ వెసులుబాటు లేదు. మట్టం ఒక్క అడుగు పెంచాలన్నా కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు మళ్లీ ఊళ్లు కదలాలి. ఆ జలాశయం కోసం ఒకసారి ఇల్లు వాకిలి వదిలిన వారి కష్టాలు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మరి చేయగలిగిందేమిటి? మొదటిది, మట్టి బయలుదేరిన చోటే ఆపడం. పరీవాహక ప్రాంతంలో వాగులపై చిన్న అడ్డుకట్టలు, వాలుకు అడ్డంగా గట్లు, గడ్డి, చెట్లు. ఈ మాట పాతదే. ఫలితం నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఎవరికీ పేరు రాదు. కృష్ణా పరీవాహకం మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో విస్తరించి ఉంది. ఒక రాష్ట్రం చేసిన ఖర్చుకు మరొక రాష్ట్రం జలాశయం బాగుపడుతుందంటే నిధులు కదలడం కష్టం.

రెండోది, మట్టిని దిగనివ్వకుండా వరదతో పాటే పంపివేయడం. చైనాలో పసుపు నదిపై సాన్‌మెన్‌షియా ఆనకట్ట 1960లో నీరు నిలిపిన ఏడాదిన్నర లోపే భారీగా పూడిపోయింది. అక్కడివారు తవ్వడానికి పూనుకోలేదు. ఆనకట్ట అడుగున కొత్త ద్వారాలు తెరిచారు. 1970ల నుంచి వరద కాలంలో బురద నీటిని ఆపకుండా వదిలి, వరద చివరన వచ్చే తేట నీటిని నిల్వచేసే పద్ధతి పాటించారు. జపాన్‌లో అసాహి జలాశయానికి 1998లో పక్కనుంచి సొరంగం తవ్వి బురద వరదను జలాశయంలోకి రాకుండానే దాటించారు. మన పెద్ద ఆనకట్టలు ఆ ఆలోచనతో కట్టినవి కావు. అయినా తొలి వరదను, అంటే ఏడాదిలో అత్యధికంగా మట్టి మోసుకొచ్చే ప్రవాహాన్ని, వీలైనంత తక్కువ మట్టం వద్ద దాటించడం నిర్వహణతో సాధ్యమయ్యేదే. చిక్కల్లా మనసులో ఉంది. జూలైలో నీరు కనబడితే వదలడానికి ఏ అధికారికి చేతులు వస్తాయి? ఆ తర్వాత వాన పడకపోతే బాధ్యత ఎవరిది? ఈ భయానికి ఆధారం లేదనలేం. కృష్ణలో వరుసగా రెండేళ్లు నీరు రాని సందర్భాలు అనేకం. కేంద్ర జల సంఘం 2019లో జలాశయాల పూడికపై ఒక కరదీపిక వెలువరించింది. అందులోని పద్ధతులు ఏ ప్రాజెక్టుకు పనికొస్తాయో, దేనికి పనికిరావో విడివిడిగా తేల్చవలసింది మాత్రం నిర్వాహకులే.

పైన ఎక్కువైంది, ఇక్కడ కరవైంది

ఎగువన చోటు తినేస్తున్న ఇదే మట్టి ఒకప్పుడు డెల్టాను కట్టింది. తెనాలి నల్లరేగడి మాగాణి, రేపల్లె లంకలు, నిజాంపట్నం తీరం అన్నీ కృష్ణ తెచ్చిన ఒండ్రుతో ఏర్పడినవే. నది సముద్రానికి చేరవేసే మట్టి 1960ల చివర్లో ఏటా సుమారు 90 లక్షల టన్నులు ఉండగా, 2000-2005 మధ్య 4 లక్షల టన్నులకు పడిపోయిందని అధ్యయనాలు తేల్చాయి. కొత్త మట్టి చేరని తీరాన్ని అలలు కోసుకుపోతాయి. ఆ అధ్యయనాల ప్రకారమే కృష్ణా డెల్టా తీరం ఏడాదికి సగటున 77 హెక్టార్లకు పైగా భూమిని కోల్పోతోంది. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కట్టిన తర్వాత నైలు నది డెల్టాకు ఇదే గతి పట్టింది. అక్కడ రోజెట్టా పాయ ముఖద్వారం వద్ద తీరం కిలోమీటర్ల మేర వెనక్కు పోయింది.

తేట నీరు కాల్వలకు మేలనుకొంటాం. దానికీ ఒక వెల ఉంది. ఎర్ర నీరు పారినప్పుడు పొలానికి ఉచితంగా అందిన ఒండ్రు ఇప్పుడు లేదు. ఆ లోటును ఎరువుల బస్తాతో పూడ్చుకొంటున్నాం. వెలుతురు అడుగుదాకా చొరబడే తేట నీటిలో నాచు, కలుపు ఏపుగా పెరుగుతాయి. గుర్రపుడెక్క, తూటికాడ కాల్వను కప్పేస్తే నీటి వేగం తగ్గి, ఉన్న కొద్దిపాటి మట్టి కూడా అక్కడే దిగిపోతుంది. ప్రస్తుతం కాల్వల్లో కనిపించే పూడికలో చాలా భాగం నది మట్టి కంటే గట్ల నుంచి జారినది, కలుపు కుళ్లినది, ఊళ్లు పారబోసినదే.

బ్యారేజీ వద్ద...

శ్రీశైలం, సాగర్, పులిచింతల మట్టిని ఆపివేస్తున్నా ప్రకాశం బ్యారేజీకి పూడిక ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు సమాధానం పులిచింతలకు దిగువన ఉంది. మున్నేరు, బుడమేరు మళ్లింపు కాల్వ కలిసేది పులిచింతల, బ్యారేజీల మధ్యనే. వీటి వరద నీటిని వడకట్టే పెద్ద జలాశయం దారిలో లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైనప్పుడు వచ్చిన వరదలో ఈ స్థానిక వాగుల పాలు గణనీయం. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి వరద నీటితోనూ కొంత ఒండ్రు తప్పదు.

1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957 నుంచి సేవలందిస్తున్న ఈ బ్యారేజీ నిర్మాణంలోనే మట్టికి జాగ్రత్త ఉంది. కాల్వల హెడ్ రెగ్యులేటర్ల పక్కన మట్టిని తోసివేసే స్కవరింగ్ ద్వారాలు పెట్టారు. వరద వచ్చినప్పుడు వాటిని ముందుగా ఎత్తితే కాల్వ ముఖం వద్ద మేట వేసిన మట్టి దిగువకు జారుతుంది. ఆనకట్టల తొలి తరం ఇంజినీర్లు ఎరిగిన విద్య ఇది. ఇక్కడ తవ్వకం కూడా సాధ్యమే. మొత్తం నిల్వ మూడు టీఎంసీలే కాబట్టి, అందులో పదో వంతు చోటు తిరిగి సాధించినా దాని విలువ ఎక్కువ. అయితే పూడికతీత పేరిట ఇసుక తవ్వకం సాగకుండా చూడవలసి ఉంది. గిరాకీ ఉన్న ఇసుకను ఎత్తుకొని, గిరాకీ లేని బురదను వదిలిపెడితే నిల్వ పెరగదు, నదీగర్భం మాత్రం గుంతలు పడుతుంది. ఎక్కడ, ఎంత లోతు, ఎన్ని ఘనపు మీటర్లు అన్నది ముందు, తర్వాత సర్వేలతో ప్రజల ముందుంచితే ఈ అనుమానానికి తావుండదు.

కాల్వల్లో పని ఎప్పుడు, ఎలా?

శివారు రైతు చేతికి అందే దూరంలో ఉన్నది ఈ చివరి మెట్టే. పశ్చిమ డెల్టా ఆయకట్టు 5.7 లక్షల ఎకరాలకు పైమాటే. వేసవిలో కాల్వలు కట్టివేసిన తర్వాత జూన్, జూలైలలో నీరు వదిలే లోపు ఉన్న కొద్ది వారాలే పూడికతీతకు అనువైన కాలం. అంచనాలు, టెండర్లు, అనుమతులు దాటి పని మొదలయ్యేసరికి నీరు వదిలే తేదీ దగ్గర పడటం ఏటా చూస్తున్నదే. ఆనక హడావుడిగా పైపైన గుర్రపుడెక్క లాగివేసి పూర్తయిందనిపిస్తారు. నీరు పారిన తర్వాత అడుగున ఎంత తీశారో కొలిచే మార్గం లేదు.

పూడికతీతకు ప్రాణం కొలతలే. పని మొదలయ్యే ముందు నిర్ణీత దూరాల్లో కాల్వ అడ్డుకోత లెవెల్స్ తీయాలి, పని ముగిశాక అవే చోట్ల మళ్లీ తీయాలి. ఆ రెండింటి తేడాకే బిల్లు. ఈ వివరాలు కొలతల పుస్తకంలో నమోదవుతాయి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది మొదలు ఏ ఆయకట్టు రైతు అయినా వాటి నకలు కోరవచ్చు. 1997 చట్టంతో ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాలకు రాష్ట్రంలో 2024 డిసెంబరులో తిరిగి ఎన్నికలు జరిగాయి. సంఘం సభ్యులు లెవెల్స్ తీసే రోజున గట్టుపై నిలబడితే చాలు, చాలా వివాదాలు రావు. అది ఫిర్యాదు చేయడం కంటే తేలిక.

మరో రెండు సంగతులు అనుభవంలో ఉన్నవే గాని అంచనాల్లో సరిగా కనిపించవు. తీసిన మట్టిని గట్టు అంచునే కుప్ప పోస్తే తొలకరి వానకే తిరిగి కాల్వలోకి జారుతుంది. దూరంగా తరలించే ఖర్చు కలపని అంచనాతో చేసిన పని ఒక్క వానాకాలం కూడా నిలవదు. ఇక కాల్వ అడుగు వాలు తల నుంచి తోక దాకా ఒకే క్రమంలో ఉండాలి. మధ్యలో రెండు కిలోమీటర్లు లోతుగా తవ్వి, దాని దిగువ భాగాన్ని తర్వాతి ఏడాదికి వదిలితే ఆ లోతులో నీరు నిలుస్తుందే తప్ప ముందుకు సాగదు. నగరం, నిజాంపట్నం వైపు శివారుకు నీరందక పోవడానికి ఇటువంటి ముక్కల పనులూ ఒక కారణమవుతున్నాయి. 2008 ప్రాంతంలో చేపట్టిన డెల్టా ఆధునికీకరణలోనూ పనులు విడివిడి ముక్కలుగా, విడివిడి వేగాలతో సాగినందువల్ల ఆశించిన ఫలం పూర్తిగా దక్కలేదు.

మురుగు కాల్వలనూ మరువరాదు. రేపల్లె, భట్టిప్రోలు డ్రెయిన్లు పూడితే పొలంలో నీరు నిలిచి పంట కుళ్లుతుంది. సముద్రపు మొగలో ఇసుక మేట వేస్తే పోటు నీరు లోపలికి ఎదురెక్కుతుంది. ఎగువ కాల్వలో తీసిన ఒండ్రును పొలానికి తోలుకోవడం మంచిదే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు మట్టిని రైతులు ఇష్టపడి తోలుకొన్నారు. అయితే తీరానికి దగ్గరగా ఉన్న డ్రెయిన్ల మట్టికి ఆ సూత్రం వర్తించదు. దానిలో ఉప్పు ఉండవచ్చు. నాలుగు చోట్ల నుంచి పిడికెడేసి మట్టి తీసి కలిపి, భూసార పరీక్షలో లవణ శాతం చూపించుకొన్న తర్వాతే ట్రాక్టరు మాట్లాడుకోవాలి. ఉప్పునేలలు, ఉప్పునీటి యాజమాన్యంపై పరిశోధన సాగించే కేంద్రం బాపట్లలోనే ఉంది. పరీక్ష లేకుండా పొలంలో పోసిన ఉప్పుమట్టిని కడిగి వదిలించడానికి మంచినీరు విస్తారంగా కావాలి. శివారున అందుబాటులో లేనిది అదే.